విద్యుత్తు చాలదు, వేడియు కావలెను

వెన్న తీసిన పిమ్మట మజ్జిగను పాఱబోయు ఇల్లాలు మన గ్రామములలో లేదు. ఫ్యూయల్ సెల్ అను యంత్రమును గూర్చి యోచించునపుడు సభ్యులీ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెనని మా మనవి.

1839వ సంవత్సరమున విలియం గ్రోవ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఈ విధానమున, ఇంధనమును మండింపకయే విద్యుత్తు పుట్టును. అయితే లోనికి పంపిన వాయువంతయు విద్యుత్తుగా మాఱదు. మిక్కిలి వేడిమిలో పనిచేయు యంత్రములందు సుమారు ఐదింట నొకవంతు మిగిలి వెలువడును. అందు హైడ్రొజనుతోబాటు ప్రాణాంతకమగు కార్బన్ మొనాక్సైడు కూడ నుండును గనుక దానిని ఊరక గాలిలోనికి వదలరాదు. నీటియావిరితో కలిసి పలుచనైన ఆ వాయువు సాధారణపు పొయ్యిలో నిలుకడగా మండదు.

ఇందులకే కాటలిటిక్ బర్నరు ఏర్పడినది. తేనెపట్టువలె కన్నములుగల పింగాణిదిమ్మకు ప్లాటినము, పెల్లేడియము వంటి లోహములను పూయుదురు. మిగులు వాయువు గాలితో కలిసి దానిగుండ పోవునపుడు మంట లేకయే దహనమై వేడినిచ్చును. ఆ వేడితో ఇంధనమును హైడ్రొజనుగా మార్చవచ్చును; లోనికి పోవు గాలిని, నీటిని కాచవచ్చును. జపానులో 2009 నుండి ఎనె-ఫార్మ్ పేర అమ్మబడుచున్న గృహయంత్రములు విద్యుత్తుతోబాటు స్నానములకు, వంటయిండ్లకు వేడినీటినిచ్చుచున్నవి.

పేడగ్యాసుతో ఇట్టి యంత్రమును నడుపవచ్చునని ఎవరైన మన సంఘములకు చెప్పవచ్చిన, ఏమి చేయవలెను? వేడినీటి యవసరము నిత్యముండని సంఘము దీనిని కొనరాదని మా యభిప్రాయము. పాల సంఘముల సంగతి వేఱు. క్యానులు కడుగుటకును, పాలను 63 డిగ్రీలలో అరగంటసేపు కాచుటకును వారికి ప్రతిదినము వేడి కావలెను. అట్టిచోట పోవు వేడియే లాభమగును.

మఱియొక చిక్కు కలదు. పేడగ్యాసులోని గంధకవాయువు ఆ లోహపుపూతను చెఱచును. యంత్రమునకును హాని చేయును. ముందుగా దానిని తొలగింపక పనికి దిగినచో పెట్టుబడి నీటిపాలగును.

కావున మహాసభలో చేయెత్తుటకు ముందు సభ్యులు మూడు ప్రశ్నలడుగవలెను. వెలువడు వేడి ఏ పనికి వచ్చును? గంధకమును తొలగించు ఏర్పాటేమి? దిమ్మ చెడినచో మార్చు బాధ్యత యెవరిది, వ్యయమెంత? వీనికి వ్రాతమూలకముగా సమాధానము రానిదే సంఘపు వాటాధనమును ముట్టరాదు. అది ఒక్కొక్క రైతు చెమటయోడ్చి కూర్చిన సొమ్ము.