పట్టణాల పరిమాణాన్ని బట్టి జనాభా విస్తరణ

ఒక దేశపు పట్టణ జనాభా చిన్న, పెద్ద పట్టణాల మధ్య ఏ విధంగా విస్తరించి ఉన్నదో తెలుపునదే పట్టణ పరిమాణ విభజన. భారత జనగణనలో పట్టణాలను ఆరు తరగతులుగా విభజించారు. లక్ష, ఆపైన జనాభా కలవి మొదటి తరగతి. 50 వేల నుండి లక్ష లోపువి రెండవ తరగతి, 20 వేల నుండి 50 వేల లోపువి మూడవ తరగతి, 10 వేల నుండి 20 వేల లోపువి నాలుగవ తరగతి, 5 వేల నుండి 10 వేల లోపువి ఐదవ తరగతి, 5 వేల లోపువి ఆరవ తరగతి.

భారతదేశంలో

2011 జనగణన ప్రకారం దేశ జనాభా 121 కోట్లు. ఇందులో పట్టణవాసులు సుమారు 37.7 కోట్లు, అనగా 31 శాతం. పట్టణాల సంఖ్య 7,935. అయితే పట్టణ జనాభాలో 70 శాతం 468 మొదటి తరగతి నగరాలలోనే ఉన్నది. వీటిలో పది లక్షలు దాటిన నగర సముదాయాలు 53.

తెలుగు రాష్ట్రాలలో

మిగిలిన వాటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన నగరాన్ని మార్క్ జెఫర్సన్ 1939లో "ప్రధాన నగరం"గా నిర్వచించాడు. 2011లో హైదరాబాదు నగర సముదాయపు జనాభా సుమారు 77 లక్షలు కాగా విశాఖపట్నం జనాభా 17 లక్షలు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఇవే లెక్కలను చూస్తే చిత్రం మారుతుంది. తెలంగాణలో హైదరాబాదు రెండవ నగరమైన వరంగల్లుకు పదింతలు. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నానికి, సుమారు 15 లక్షల విజయవాడకు మధ్య తేడా స్వల్పమే. జనం కదలకపోయినా, సరిహద్దు మారినందున పట్టణాల వరుస మారినది.

గుడుపల్లె పరిసరాలలో

పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలో మదనపల్లె మొదటి తరగతికి, పుంగనూరు రెండవ తరగతికి, కుప్పం మూడవ తరగతికి చెందుతాయి. కుప్పం పొరుగున ఉన్న గుడుపల్లె మండల కేంద్రమే అయినా జనగణనలో గ్రామం. చెన్నై - బెంగుళూరు రైలు మార్గం కుప్పం, గుడుపల్లెల మీదుగా పోతుంది. 2011లోనే 85 లక్షల జనాభా కలిగిన బెంగుళూరు ఇక్కడివారికి విశాఖపట్నం కంటే ఎంతో దగ్గర. కానీ అది పొరుగు రాష్ట్రంలో ఉన్నందున ఆంధ్రప్రదేశ్ పట్టణాల పట్టికలో కనిపించదు. కావున రాష్ట్ర పట్టికను మాత్రమే చూస్తే సరిహద్దు ప్రాంతాల అసలు స్థితి తెలియదు.

పట్టణమా, గ్రామమా?

పురపాలక సంఘం లేకపోయినా మూడు లక్షణాలున్న ఊరిని జనగణన పట్టణంగా లెక్కిస్తారు. అవి: కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది జనసాంద్రత, పురుష ప్రధాన కార్మికులలో 75 శాతం వ్యవసాయేతరులు కావడం. ఇటువంటి పట్టణాలు 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,894 అయినవి. వీటి పాలన సాధారణంగా గ్రామ పంచాయతీల చేతిలోనే ఉంటుంది. అందువలన మురుగు కాలువలు, చెత్త తరలింపు వంటి పట్టణ అవసరాలు పెరిగినా, పురపాలక సంఘానికి ఉండే అధికారాలు, నిధులు వాటికి లభించవు. పంచాయతీగా ఉండిన కుప్పం పురపాలక సంఘమైన తరువాత, దానికి తొలి ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి.

2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినది. తరువాతి జనగణనకు దేశంలో అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025లో ప్రకటించారు. ఈ మధ్యకాలంలో గ్రామాలు ఎన్ని పట్టణాలుగా మారినవో ఆ లెక్కలే తెలుపగలవు.