ఊరి పేరు మీద ఆట

జపాను దేశంలో ఒసాకా, కోబే నగరాల నడుమ నిషినోమియా అనే పట్టణం ఉన్నది. 1924 ఆగస్టు 1న అక్కడ ఒక విశాలమైన బేస్‌బాల్ క్రీడాప్రాంగణానికి ప్రారంభోత్సవం జరిగింది. మన పంచాంగంలో వలెనే జపానువారి పాత కాలగణనలోనూ అరవై సంవత్సరాల చక్రం ఒకటి ఉన్నది. ఆ చక్రంలో మొట్టమొదటి సంవత్సరం సరిగా ఆ ఏడే రావడం శుభసూచకమని తలచి, సంవత్సర నామం కలిసివచ్చేటట్లు దానికి కోషియెన్ అని పేరు పెట్టారు. దానిని నిర్మించినది ప్రభుత్వం కాదు. హాన్షిన్ అనే విద్యుత్ రైలు కంపెనీ. ఆట చూడవచ్చే జనం రైలెక్కి రావాలి గదా!

1935లో ఆ కంపెనీయే హాన్షిన్ టైగర్స్ అనే వృత్తి క్రీడాకారుల జట్టును నెలకొల్పింది. అంతకు ఒక్క ఏడాది ముందు, టోక్యోలో యోమియురి పత్రికాధిపతి మత్సుతారో షోరికి చొరవతో జెయింట్స్ జట్టు పుట్టింది. అభిమానుల దృష్టిలో ఈ రెండు జట్లకూ పొసగదు. ఈ వైరానికి మూలం బేస్‌బాల్‌లో వెదికితే దొరకదు. ఒసాకా వర్తకుల నగరం. 1615లో తొకుగావా వంశీయులు ఒసాకా కోటను పట్టుకొని తొయొతోమి వంశాన్ని తుడిచిపెట్టారు. ఎడో నుంచి, అంటే నేటి టోక్యో నుంచి, దేశాన్ని పాలించారు. 1868లో ఆ పాలన అంతమైనా రాజధాని హోదా మాత్రం టోక్యోకే దక్కింది. తరువాతి కాలంలో పెద్ద పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు సైతం ఒకటొకటిగా అటే తరలిపోయాయి. ఒసాకావాసికి తన యాస మీద, తన వంట మీద ఉన్న అభిమానం వంటిదే టైగర్స్ మీది అభిమానం.

విజయాల లెక్క చూస్తే మాత్రం ఇది సమఉజ్జీల పోరు కాదు. 1965 నుంచి 1973 వరకు వరుసగా తొమ్మిదేళ్ళు జాతీయ విజేత జెయింట్సే. టైగర్స్ ఆ గౌరవాన్ని 2025 వరకు పొందినది రెండుసార్లు, 1985లోను, 2023లోను. 1959 జూన్ 25న జపాను చక్రవర్తి మొదటిసారిగా వృత్తి బేస్‌బాల్ చూడవచ్చినప్పుడు తలపడినవి ఈ రెండు జట్లే. చివరి క్షణంలో జెయింట్స్ ఆటగాడు నగషిమా కొట్టిన దెబ్బతో టైగర్స్ ఓడిపోయారు. ఓడినవారి అభిమానులు ఇల్లు కదలరని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పసుపు, నలుపు చారల చొక్కాలు తొడుక్కొని టోక్యో మైదానంలో సైతం తమకు కేటాయించిన భాగాన్ని నింపివేస్తారు. తమ ఆటగాడు బ్యాటు పట్టినంతసేపూ లేచి నిలబడి, బాకాలతో, డోళ్ళతో, అతని కోసమే కట్టిన పాటను పాడతారు. ఎదుటి జట్టు వంతు రాగానే కూర్చుంటారు. అప్పుడు పాడే హక్కు ఎదుటివారిది. ఇంత కక్షలోనూ వంతులు తప్పకపోవడం చూడముచ్చటగా ఉంటుంది. మరొక విశేషం: టైగర్స్ వారు ప్రాణంగా పాడుకొనే 1936 నాటి జట్టు పాటకు, జెయింట్స్ వారి 1963 నాటి పాటకు స్వరం కూర్చిన వ్యక్తి ఒక్కడే. ఆయన యూజీ కోసెకి. ఆయన ఈ ఊరివాడూ కాదు, ఆ ఊరివాడూ కాదు, ఫుకుషిమా వాస్తవ్యుడు.

1985లో టైగర్స్ లీగులో ప్రథమస్థానం గెలిచిన రాత్రి ఒసాకాలోని దోతోంబోరి కాలువ వంతెన మీద జనం చేరి, ఒక్కొక్క ఆటగాడి పేరు పిలుస్తూ, ఆ పోలిక ఉన్నవాడిని నీళ్ళలోకి దూకించారు. అమెరికన్ ఆటగాడు ర్యాండీ బాస్ వంతు వచ్చేసరికి పోలిక కుదిరే మనిషి దొరకలేదు. దగ్గరలోని కోడివేపుడు దుకాణం ముందున్న గడ్డపు కల్నల్ శాండర్స్ బొమ్మను ఎత్తుకువచ్చి కాలువలో పడవేశారు. అది 2009లో గాని బయటపడలేదు. ఈ వేడుకలన్నీ నవ్వులాటగా ముగియలేదు. 2003లో మళ్ళీ లీగు గెలిచినప్పుడు వేలమంది దూకగా ఒక యువకుడు మునిగి చనిపోయాడు.

ఇంతటి అభిమానులు కూడా ఆగస్టులో కోషియెన్‌ను ఖాళీ చేయక తప్పదు. ఆ మైదానం అసలు కట్టినది విద్యార్థుల కోసం. 1915లో ఆసాహి పత్రిక ప్రారంభించిన పాఠశాలల జాతీయ పోటీ ఏటా వేసవిలో అక్కడే జరుగుతుంది. టైగర్స్ జట్టు పొరుగూళ్ళ పర్యటనకు బయలుదేరుతుంది. మండుటెండల్లోని ఆ ప్రయాణానికి అభిమానులు పెట్టిన పేరు 'మృత్యుమార్గం'.

అప్పుడు 47 రాష్ట్ర విభాగాల నుంచి జట్లు, వాటి వెంట బడిపిల్లలు, తల్లిదండ్రులు, బస్సులు వస్తాయి. ఎప్పుడో పొట్టకూటికి ఒసాకా కర్మాగారాలకు వలసవచ్చినవారు తమ కన్నవూరి జట్టును చూడడానికి వస్తారు. తెల్ల చొక్కాల జనంతో నిండి మంచుకొండలా కనిపించినందువల్ల అక్కడి ఎత్తయిన గ్యాలరీలకు ఆల్ప్స్ అని పేరు. తొలి పోటీలోనే, 1915లో, ఈశాన్యాన ఉన్న అకితా జట్టు తుదిపోరుకు చేరి ఓడింది. అప్పటినుంచి ఆ తొహోకు ప్రాంతీయులు విజయపతాకం పాత షిరకావా సరిహద్దు దాటి తమ గడ్డకు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూశారు. 2004లో అది వారికి చిక్కక, ఇంకా ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపానికి పోయింది. 2022లో సెందై ఇకుయెయి పాఠశాల గెలిచింది. ఇందులోనూ ఒక వింత ఉన్నది. ఈశాన్య జట్లలో ఒసాకా పరిసరాల నుంచి తెచ్చుకొన్న పిల్లలు ఆడడం కద్దు. దానిపై గొణుగుడు ఉన్నా, గెలిచిన రోజున బాలుడి పుట్టినవూరు ఎవరూ అడగరు.

అన్నిటికన్న దూరం నుంచి వచ్చినవారు ఒకినావావారు. 1945 యుద్ధంలో సర్వనాశనమైన ఆ ద్వీపాలు 1972 మే 15 వరకు అమెరికా పాలనలోనే ఉన్నాయి. జపానుకు రావాలంటే ప్రయాణపత్రం కావలసివచ్చేది. 1958లో, 40వ పోటీ సందర్భంగా, ప్రతి రాష్ట్రానికీ ఒక జట్టు చొప్పున పిలిచారు. ఒకినావాను కూడా ఒక రాష్ట్రంగానే లెక్కించారు. షురి పాఠశాల జట్టు వచ్చింది. ఆరంభోత్సవంలో క్రీడాకారులందరి పక్షాన ప్రమాణం చేసే గౌరవం ఆ జట్టు నాయకుడికే దక్కింది. తొలి ఆటలోనే 0–3తో ఓడిపోయారు. ఓడినవారు కోషియెన్ నల్లమట్టిని గుప్పెడు మూటకట్టుకొని పోవడం ఆనవాయితీ. వారూ కట్టుకొన్నారు. కాని ఓడ నహా రేవు చేరగానే అధికారులు ఆ మట్టిని పట్టుకొన్నారు. చట్టం ప్రకారం అది పరదేశపు మట్టి. తెగుళ్ళు వ్యాపించకుండా తనిఖీ నియమాలను అనుసరించి దానిని సముద్రం పాలు చేశారు.

ఈ వార్త చదివి నొచ్చుకొన్న ఒక విమాన పరిచారిక కోషియెన్ గులకరాళ్ళను సేకరించి ఆ పాఠశాలకు పంపింది. మట్టికి వర్తించిన నిషేధం రాళ్ళకు వర్తించదు! ఆ రాళ్ళు నేటికీ పాఠశాల ఆవరణలోని స్మారకశిలలో పొదిగి ఉన్నాయి.

ఒకినావా నుంచి వాద్యబృందాన్ని వెంట తేవడం తలకుమించిన ఖర్చు. అందుచేత ఏళ్ళ తరబడి కోషియెన్‌కు పొరుగునే ఉన్న అమగసాకి పురపాలక పాఠశాల పిల్లలు ఆ ద్వీపాల జానపద బాణీలు నేర్చుకొని వారి పక్షాన వాయిస్తున్నారు. అమగసాకిలోను, ఒసాకాలోని తైషో పేటలోను ఒకినావా నుంచి వలసవచ్చిన కుటుంబాలు అనేకం. 1999 వసంతపోటీలో ఒకినావా షోగకు పాఠశాల మొదటిసారి జాతీయ విజేత అయింది. 2010లో కోనన్ పాఠశాల వసంత, వేసవి పోటీలు రెండింటా గెలిచింది. వేసవి పతాకం ఒకినావాకు చేరడం అదే మొదటిసారి. తుదిపోరు 13–1తో ముగిసినప్పుడు ఆల్ప్స్ గ్యాలరీలో వేళ్ళు నోట పెట్టుకొని ఈలలు వేస్తున్న జనం మధ్య బాకాలూదినవారు ఆ అమగసాకి పిల్లలే.