బొమ్మకు గుర్తింపు, ఆటకు ఆదరణ

జానపద కళలను కాపాడవలెనన్న మాటను కాదనేవారు నేడు లేరు. కాపాడవలసినది ఏమిటన్న దగ్గరనే అభిప్రాయభేదం మొదలవుతున్నది. కళాకారుని సమాజం, ప్రదర్శనకు హేతువైన సందర్భం, నోట నిలిచిన పాఠం, చేతిలోని ఉపకరణం అనే నాలుగూ కూడినప్పుడే జానపద కళ సమగ్రమవుతుంది. వీటిలో అమ్మకానికి అనువైనది ఉపకరణం ఒక్కటే. అందువల్ల ఆదరణ అటువైపే మొగ్గుచున్నది. తోలుబొమ్మలాట ఇందుకు నిదర్శనం.

తెలుగునాట బొమ్మలాట ప్రాచీనమైనది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల వినోదాలను వర్ణిస్తూ బొమ్మలాటలను పేర్కొన్నాడు. గోన బుద్ధారెడ్డి రచించిన రంగనాథ రామాయణం బొమ్మలాటవారికి ఆధార గ్రంథమైంది. వాల్మీకంలో కానరాని ఉడుత కథ, సులోచన కథ వంటివి ఆ ద్విపద కావ్యంలో చోటు చేసుకొన్నాయి. కావ్యానికీ జనుల నోటి కథకూ నడుమ గల రాకపోకలకు ఇది తార్కాణం. రాయలసీమ బొమ్మలాట కుటుంబాలలో అనేకుల ఇంటిభాష ఆరె మరాఠీ. అయినా తెరవెనుక వారు పాడేది తెలుగు ద్విపద. ఇంటిభాష కాని భాషలోని కావ్యాన్ని తరతరాలుగా కంఠస్థం చేసి నిలిపిన వీరి సేవకు సాహిత్య చరిత్రలో తగిన స్థానం దక్కవలసి ఉన్నది.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ కళకు పేరెన్నికగన్న గ్రామం. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. ఇవి హర్షించదగిన విషయాలే. మేకతోలును శుభ్రపరచి, వెలుగు ప్రసరించేటట్లు పలుచన చేసి, రంధ్రాలు తొలిచి, రంగులద్దే నేర్పు నేడు దీపాల తొడుగులుగా, గోడల అలంకారాలుగా అంగళ్లకు చేరుతున్నది. కూడు పెట్టే ఈ వృత్తిని కళాద్రోహమని నిందించే హక్కు నెలజీతం పుచ్చుకొనే పండితునికి లేదు. కాని దీపపు తొడుగు మీది హనుమంతుడు మాటాడడు, లంకకు లంఘించడు.

ఆటలో స్త్రీపాత్రలకు స్త్రీలు గొంతునిస్తారు. యుద్ధఘట్టంలో కాలికింది చెక్కల చప్పుడు వినవస్తుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరివారి నడవడినే పరిహసిస్తారు. వీటిలో ఏదీ అంగడిలో దొరికే వస్తువు కాదు. అమ్ముడుపోయేదానినే పిల్లలు నేర్చుకొంటారు. వారికి చెక్కడం అబ్బుతుంది, పాట అబ్బదు. ఒక తరం గడిస్తే బొమ్మ మిగిలి, రాగతాళాలతో కూడిన పాఠం అంతరిస్తుంది.

గతకాలపు గ్రామాదరణను ఆదర్శంగా చిత్రించడం కూడా సముచితం కాదు. ఆ ఆదరణలో కుల తారతమ్యమూ, చేయిచాచి నిలవవలసిన దైన్యమూ ఉండేవి. అయినా అందులో ఒక సుగుణం లేకపోలేదు. వాన కురవకపోయినా, జాతర వచ్చినా ఊరే ఆటను కోరేది. నేటి ఆదరణలో సన్మానం ఉన్నది, ఊరి కోరిక లేదు. గౌరవానికి లోటు రాకుండా ఆ కోరికను తిరిగి కల్పించడమే నిజమైన పోషణ. కళాకారులను నగర వేదికకు రప్పించి పావుగంట ఆడించడం కంటె, గ్రామ పంచాయతీలు, దేవాలయాలు నిర్ణీత పారితోషికంతో ఏటా ఒక పూర్తిరాత్రి ఆట ఏర్పాటు చేయడం మేలు. అమూర్త సాంస్కృతిక వారసత్వ పరిరక్షణకై 2003లో యునెస్కో ఆమోదించిన ఒడంబడిక సైతం ఆ వారసత్వాన్ని మోస్తున్న సమాజాల భాగస్వామ్యాన్ని ముఖ్యంగా ఎంచింది. భారతదేశం 2005లో ఆ ఒడంబడికలో చేరింది.

ప్రాచ్య కళాశాలలకు ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉన్నది. ద్విపద లక్షణం నేర్చిన విద్యార్థి ఇంద్రగణాలను, సూర్యగణాన్ని గుర్తించగలడు. అదే ద్విపద రాత్రివేళ తెరవెనుక ఎట్లా సాగుతుందో అతడు వినడం అరుదు. బొమ్మలాట కళాకారుని వార్షికోత్సవ వినోదానికి పిలవడంతో సరిపెట్టక, రంగనాథ రామాయణ పాఠం చెప్పే తరగతికి ఆచార్యునిగా ఆహ్వానించి, ఆచార్యునికి తగిన సంభావన ఇవ్వాలి. ముద్రిత ప్రతికీ ప్రదర్శన పాఠానికీ గల భేదాలను విద్యార్థులచేత నమోదు చేయించాలి. ఇది పాఠపరిష్కరణకు కూడా ఉపకరించే పని.

పరిశోధకుల పద్ధతి కూడా మారవలసి ఉన్నది. గ్రామానికి వెళ్లి పాట సేకరించిన పరిశోధకునికి పట్టం దక్కుతుంది. పాడినవాని పేరు అనుబంధంలో ఒక పంక్తికి పరిమితమవుతుంది. సేకరించిన పాఠపు ప్రతినీ ధ్వనిముద్రణనూ ఆ కుటుంబానికే మొదట అందజేయడం పరిశోధన నియమాలలో ఒకటి కావాలి. వారి పిల్లలు పాట మరచిన నాడు తాత గొంతును తిరిగి వినే అవకాశం ఆ ఇంటిలోనే ఉండాలి. గ్రంథాలయపు బీరువాలో భద్రపరచడం ఆ తరువాతి పని.