హాలీ సిక్కా నుంచి సీఎఫ్‌ఏ ఫ్రాంక్ దాకా.. సొంత నోటు ఉంటే సరిపోతుందా?

రుద్రూర్ (బాన్సువాడ): మాలీ, బుర్కినా ఫాసో, నైజర్.. పశ్చిమ ఆఫ్రికాలోని ఈ మూడు దేశాలు ఫ్రాన్స్ సైన్యాన్ని పంపించేశాయి. 2025 జనవరిలో ఎకోవాస్ కూటమి నుంచి కూడా బయటికొచ్చేశాయి. కానీ ఆ తర్వాత కూడా అక్కడి జనం జేబుల్లో ఉన్నది ఫ్రాన్స్ 1945లో మొదలుపెట్టిన సీఎఫ్‌ఏ ఫ్రాంకే. సైన్యాన్ని పంపినంత ఈజీగా కరెన్సీని ఎందుకు వదిలించుకోలేకపోయారు? ఈ ప్రశ్న మనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు మనకూ సొంత నోటు, దాన్ని చూసుకునే సొంత బ్యాంకు ఉండేవి.

హాలీ వేరు.. కల్దార్ వేరు

నిజాం రాజ్యంలో నడిచిన రూపాయి ఉస్మానియా సిక్కా. జనం నోట్లో అది 'హాలీ'. బ్రిటిష్ ఇండియా రూపాయిని 'కల్దార్' అనేవారు. రుద్రూర్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనిదే, కాబట్టి ఇక్కడి లెక్కలన్నీ హాలీలోనే. మారకం రేటు దాదాపు 7 హాలీలకు 6 కల్దార్లు.

నిజాంసాగర్ నీళ్లు చూసి కోస్తా జిల్లాల నుంచి వర్ని ప్రాంతానికి వచ్చి భూములు కొన్న రైతుల సంగతే తీసుకోండి. 600 కల్దార్లు తెచ్చుకుంటే ఇక్కడ 700 హాలీలు అయ్యేవి. అదే ఇక్కడ సంపాదించి సొంతూరికి పంపాలంటే లెక్క తిరగబడేది. అంటే ఆ రేటు కదలకుండా ఉండటం మామూలు రైతుకు కూడా ముఖ్యమే.

గన్‌ఫౌండ్రీలో మన 'రిజర్వ్ బ్యాంక్'

హైదరాబాద్ సర్కారు 1918లోనే కాగితం నోట్లకు చట్టం చేసింది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఏర్పాటైంది. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. ఉస్మానియా సిక్కా నిర్వహణ, సర్కారు అప్పుల వ్యవహారం, వాటితో పాటు మామూలు బ్యాంకింగ్ కూడా దీని పనే. ఒకరకంగా మన రాజ్యానికి అదే సెంట్రల్ బ్యాంక్.

మరి చిక్కెక్కడ వచ్చింది? నోటు మనదే, కానీ దాని విలువ ముడిపడింది పక్క దేశపు రూపాయితో. 1947 నవంబర్‌లో యథాతథ ఒప్పందం కుదిరాక హైదరాబాద్ సర్కారు రెండు పనులు చేసింది. రాజ్యంలో భారత రూపాయి చెల్లదని ఆర్డినెన్స్ తెచ్చింది. పాకిస్తాన్‌కు 20 కోట్ల అప్పు ఇచ్చింది. ఆ అప్పు ఇచ్చింది ఏ రూపంలోనో తెలుసా? భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో! ఢిల్లీ ఒప్పుకోలేదు. రెండూ ఒప్పందానికి విరుద్ధమంది. నోటు మీద సొంత పేరున్నా ఖజానాలో ఉన్నవి అవతలివాళ్ల కాగితాలే అయితే ఎంత దూరం వెళ్లగలం?

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్. 1950లో భారత రూపాయి వచ్చింది. 1951లో హాలీ జారీ ఆగింది. అయినా 1959 దాకా చెల్లుబాటైంది. 1956లో బ్యాంక్ ఆర్బీఐ చేతికొచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోవడంతో ఆ పేరూ పోయింది.

అక్కడా అదే ముడి

సీఎఫ్‌ఏ ఫ్రాంక్ కథ కూడా ఇంతే. పశ్చిమ ఆఫ్రికాలో 8 దేశాలకు కలిపి ఒకే సెంట్రల్ బ్యాంక్, హెడ్డాఫీస్ సెనెగల్ రాజధాని డకార్‌లో. రేటు మాత్రం 1 యూరోకు 655.957 ఫ్రాంకులుగా ఫిక్స్. దశాబ్దాల పాటు విదేశీ నిల్వల్లో సగం ఫ్రాన్స్ ఖజానాలో పెట్టాల్సి వచ్చింది. ఆ షరతు తీసేస్తామని 2019 డిసెంబర్‌లో ప్రకటించారు. ముడి ఉంటే ధరలు కాస్త అదుపులో ఉంటాయి, నిజమే. కానీ 1994 జనవరిలో ఫ్రెంచ్ ఫ్రాంక్‌తో పోలిస్తే దీని విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించేశారు. దాచుకున్నవాళ్ల డబ్బుకు అదే గతి.

మరి ముడి తెంపుకుంటే? పక్కనే ఘనా ఉంది. 1957లో స్వతంత్రంతో పాటే సొంత సెంట్రల్ బ్యాంక్ పెట్టుకుంది. 1965లో సెడీ తెచ్చుకుంది. అయితే సర్కారు ఖర్చులకు బ్యాంక్ డబ్బు సర్దుతూ పోయింది, అప్పులూ పెరిగాయి. 2022 డిసెంబర్‌లో ధరల పెరుగుదల 54 శాతం దాటింది. మరుసటి ఏడాది ఐఎంఎఫ్ దగ్గర 300 కోట్ల డాలర్ల ప్యాకేజీ తీసుకోవాల్సి వచ్చింది.

మనకెందుకు ఇదంతా?

ఒకప్పుడు గన్‌ఫౌండ్రీలో జరిగిన సర్కారు అప్పుల పని ఇప్పుడు ఆర్బీఐ చేస్తోంది. మంగళవారం వేలంలో తెలంగాణ ఇంత అప్పు తీసుకుందని మీరు వార్తల్లో చూసేది అదే. రాష్ట్రం సొంతంగా నోట్లు వేసుకోలేదు. ఇది ఇబ్బందే అనిపించొచ్చు, కానీ ఘనా సామాన్యుడు 2022లో కట్టిన ధర చూస్తే అది కాపలా కూడా అని అర్థమవుతుంది.

కాబట్టి రేపు ఏ దేశమైనా 'మా కరెన్సీ మేమే తెస్తాం' అంటే మూడు విషయాలు చూడండి. విలువ దేనితో ముడిపడింది? నిల్వలు ఎవరి దగ్గరున్నాయి? సర్కారు డబ్బడిగితే 'కుదరదు' అనే ధైర్యం ఆ బ్యాంకుకు ఉందా? నోటు మీద ఎవరి బొమ్మ ఉందన్నది వీటి తర్వాతే.