జయంతి వీడియోకు కూలి ఎంత?

మొన్నటి ఏప్రిల్ 14కి మా ఊరి జయంతి కమిటీ డీజేకు అడ్వాన్సు ఇచ్చింది. ఫ్లెక్సీ వానికి అక్కడికక్కడే లెక్కగట్టి ఇచ్చింది. పూలదండలకు, పులిహోరకు, మైకు సెట్టుకు ఇచ్చింది. బాబాసాహెబ్ బొమ్మ నడిచి వచ్చి జనం ముందు నిలబడే నిమిషం వీడియో చేసిన పిల్లకు మాత్రం శాలువా కప్పింది. ఆ శాలువా పట్టుకున్న చేతుల్లో ఒక చెయ్యి నాదే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పిల్ల నా దగ్గర చదువుకున్నదే. తల్లి నాట్లకు, కలుపులకు పోతది. పిల్ల హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకున్నది, ఒక స్టూడియోలో ఏడాది పనిచేసింది, అది మూతపడితే ఇంటికొచ్చింది. ఇప్పుడు సొంతంగా పని పట్టుకుంటున్నది. టీవీ ప్రకటనల్లో అక్షరాలు ఎగిరొచ్చి కూర్చోవడం, పెళ్లి పిలుపులో బొమ్మలు కదలడం, కంపెనీల గుర్తులు తిరగడం, ఇవన్నీ ఆ పనే. ఫ్రీలాన్సు అంటారట. నెల జీతం లేదు. పని దొరికితే పైసలు, లేకుంటే లేదు. మాట కొత్తది గాని మన వాడకు ఆ బతుకు కొత్తదా?

స్టూడియో మూతపడడం ఆ పిల్ల తప్పూ కాదు, తలరాతా కాదు. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలో పులిని కంప్యూటర్లో పుట్టించిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ 2013 ఫిబ్రవరిలో దివాలా తీసింది. అదే నెలలో ఆ పనికే ఆస్కార్ వచ్చింది. హైదరాబాదులో కూడా ఆ కంపెనీకి పనిచేసిన వాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ కూలిపోతే బెంగుళూరులో వేలమంది రోడ్డున పడ్డారు. ఇలాంటప్పుడు సొంతంగా పని వెతుక్కోక ఏం చేస్తారు?

అయితే మొదటి పని ఎవరిస్తారు? ఇక్కడే ఉంది మెలిక. పై కులాల పిల్లవాడికి మేనమామ వెంచరు ఉంటది, బాబాయి కాలేజీ ఉంటది, చిన్నాయన టిఫిన్ సెంటరు ఉంటది. వాటికి వీడియోలు చేసి, మంచివి ఏరి నిమిషం ముక్క తయారు చేసుకుంటాడు. దాన్ని షోరీల్ అంటారు. అది చూసే తర్వాతి పని ఇస్తారు. దాన్ని ప్రతిభ అంటారు. మన పిల్లకు వెంచరున్న మేనమామ ఎక్కడినుంచి వస్తాడు?

అందుకని 'శాంపిల్ చేసి చూపించు' అన్నవాడికల్లా చేసి ఇచ్చింది. ఒక పెద్దమనిషి మూడుసార్లు మార్పించి, ఫైలు తీసుకుని, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకొకడు 'ఇప్పుడు ఏఐ నిమిషంలో చేసిపెడుతుంది, నీకెందుకు అంత' అన్నాడు. మరి ఏఐతోనే చేయించుకోక ఈ పిల్ల దగ్గరికెందుకు వచ్చినట్టు? మా తాత దొర గడిలో వెట్టి చేసిండు. శాంపిల్ అని పేరు మారిస్తే వెట్టి వెట్టి కాకుండా పోతుందా? అడ్డా మీద నిలబడ్డ కూలీ అయినా బండి ఎక్కకముందే రేటు మాట్లాడుకుంటాడు. చదువుకున్న మన పిల్లలకు ఆపాటి నోరు లేకుండా పోయింది. ఆ చదువు చెప్పింది మేమే గనుక ఆ నిందలో నాకూ వాటా ఉంది.

పనిముట్ల మాట కూడా చెప్పాలి. నెలనెలా అద్దె కట్టే సాఫ్ట్‌వేర్లే వాడాలని ఆమెకు నూరిపోశారు. కాని బ్లెండర్ అనేది ఉచితంగా దొరుకుతుంది. లాత్వియా దేశపు దర్శకుడు దానితో తీసిన 'ఫ్లో' అనే పిల్లి కథ 2025లో ఆస్కార్ గెలిచింది. అది నడవడానికి గట్టి కంప్యూటరు మాత్రం కావాలి. సెకనుకు 24 బొమ్మలు, అంటే నిమిషానికి 1440. పూర్తయిన బొమ్మలన్నీ కంప్యూటరు ఒక్కొక్కటిగా వండుతుంటే రాత్రంతా మేలుకొని, కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టి, మా జయంతి వీడియోకు పదకొండు రాత్రులు కూర్చుంది.

'పైసలు ఎందుకు అడగలేదు బిడ్డా?' అన్నాను.

'సంఘం పని గదా సార్, ఎట్ల అడుగుత?' అన్నది.

నాకు చిన్నప్పటి డక్కలి వాళ్లు యాదికొచ్చారు. మాదిగ వాడకొచ్చి పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపిస్తూ జాంబ పురాణం చెప్పేవాళ్లు. కిన్నెర మోగుతుంటే బొమ్మ తర్వాత బొమ్మ కదిలేది. మన కథ మనకు బొమ్మల్లో చెప్పినందుకు, తినడానికి లేని మాదిగ ఇల్లు కూడా గింజలో పైసలో ఇవ్వకుండా పంపేది కాదు. అది వాళ్ల హక్కు. చదువు రాని మన ముసలోళ్లకు తెలిసిన ఆ లెక్క, జై భీమ్ అనే మా కమిటీకి తెలియలేదు! ఉద్యమం పేరు చెప్పి ఉచితంగా చేయించుకుంటే దొరకూ మనకూ తేడా ఏంది?

కొందరు అన్నలు 'అన్నీ పైసలతో కొలిస్తే ఉద్యమం నడుస్తుందా' అంటారు. నడవదు, నిజమే. నెల జీతం వచ్చే నేను సాయంత్రం సంఘానికి ఇస్తే అది త్యాగం. రేపటి బియ్యానికి తడుముకునే పిల్లతో ఇప్పిస్తే అది త్యాగం కాదు. డీజే వాణ్ని ఈ ప్రశ్న ఎందుకు అడగలేదు? ఆ పిల్లకు లేని మేనమామ సంఘమే కావాలి. మొదటి పని మనమివ్వాలి, కూలితో సహా.

బయటి వాళ్లతో పనిచేసే పిల్లలు ఒకటి తెలుసుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, ఆధార్‌తో అవుతుంది. అది చేయించుకున్న చిన్న ఉత్పత్తిదారుకు, సేవ చేసేవారికి, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకుంటే 15 రోజుల్లోపు పైసలు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పని ఒప్పుకునేటప్పుడే ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు మార్పులు అనేది వాట్సప్‌లోనైనా రాయించుకోవాలి. సగం ముందే తీసుకోవాలి. మిగతా సగం వచ్చేదాకా పేరు ముద్ర వేసిన వీడియోనే చూపించాలి, అసలు ఫైలు ఇవ్వొద్దు.

పోయిన ఆదివారం కమిటీ కూర్చుంది. గొడవ అయింది. చివరికి పాత బాకీ కింద వీడియో కూలి ఇవ్వాలని రాసుకున్నాం. ఎంత అనేది మేం రాయలేదు. రేటు ఆ పిల్లనే చెప్పమన్నాం.