బట్టీకి ముందు పాఠం అమరిక

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. అర్థం కాక మన పిల్లలు సాంఘికశాస్త్రాన్ని కంఠస్థం చేస్తారు. హిఫ్జ్ వేరు, ఇది వేరు. పరీక్షలో ‘ఎందుకు?’ అని అడిగితే తేదీలు రాసి వస్తారు. మదరసాలో ఉస్తాద్ ముందుగా ఇది మతన్, ఇది షరహ్, అంచున ఉన్నది హాషియా అని వేలుపెట్టి చూపేవారు. బడి పాఠానికీ అమరిక ఉంటుంది. 1908 మూసీ వరదనే తీసుకోండి. నగరం మునిగింది. అందువల్ల విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. సమస్య ఎక్కడ ముగిసింది, పరిష్కారం ఎక్కడ మొదలైంది? ఉపాధ్యాయులు అక్కడ పెన్సిలుతో గీత గీయించాలి. గైడు కొనిచ్చే తల్లిదండ్రులు కూడా ఈ రాత్రి ఒక్క పేరా చదివించి, ‘అందువల్ల’కు ముందేముంది, తర్వాతేముంది అని అడగండి.