కుందేలు త్రవ్వుడు

హైదరాబాదు అంబర్‌పేటనుండి యొక సోదరి, తమ పెంపుడు కుందేలు మలమూత్రముల తొట్టిని రేయెల్ల త్రవ్వి గదినిండఁ జల్లుచున్నదనియు, అత్తగారు దానిని వెడలఁగొట్టుమనుచున్నారనియు, పిల్లవాఁడు అన్నము మానినాఁడనియు వ్రాసినారు.

అమ్మా, అది అల్లరి కాదు, జాతిగుణము. మన పొలముల చెవులపిల్లి బొరియ త్రవ్వదు. పెంపుడు కుందేళ్లు బొరియలలో వసించు ఐరోపాజాతి సంతతివి. వెడల్పును, ఎత్తైన అంచులును గల తొట్టి యుంచుఁడు. అడుగున కాగితపు ముక్కలు పఱచి, పైని పెంటికలు జాఱునట్టియు కాళ్లు చిక్కనట్టియు కన్నుల జాలి బిగింపుఁడు. ఒక మూల ఎండుగడ్డి పెట్టినచో, తినుచు నచ్చటనే విసర్జించును. త్రవ్వుకొనుటకు వేఱుగా మట్టిపెట్టె యిండు.

ఆఁడుదై, గడ్డి నోటఁ గఱచుకొని, రొమ్మువెండ్రుకలు పెఱికికొనుచున్నచో అది ప్రసవసన్నాహమే కావచ్చును. కుందేలు సుమారు 30 దినములకే యీనును. అప్పుడు కొట్టక, గూడు కట్టనిండు. అత్తగారికిని చూపుఁడు, తల్లియైన వారికి వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.